బాకీ పడిన ఒంటి పావుకోడు

అన్యాయం ఎవరికి జరిగింది? తోకికి. చేసిందెవరు? మిత్సుయే. ఎలా చేసింది? అది తెలియాలంటే అరవై రెండేళ్లు వెనక్కి వెళ్లాలి. దూరం మాత్రం ఎంతో లేదు, ఊరి నడిమి వంతెన దాకా వెళితే చాలు.

పోయిన పెద్దలు ఇళ్లకు వచ్చి వెళ్లే ఆగస్టు నెలలో, ప్రతి శనివారమూ కుమెగావా ఊరంతా వీధిలోకి వచ్చి నాట్యమాడుతుంది. ఆ ఆటకు డోలు సగం, కాళ్లు సగం. అడుగున రెండేసి చెక్కపళ్లుండే గెతా పావుకోళ్లు వందలకొద్దీ ఒక్క పెట్టున రాతివీధిని తాకితేనే అక్కడ పాట పూర్తయినట్టు లెక్క. బూట్లు తొడుక్కుని వచ్చినవాళ్లకు కూడా వరసలో చోటిస్తారు గాని గౌరవం ఇవ్వరు.

అప్పటికి ఇద్దరికీ పన్నెండేళ్లు. తోకి తల్లి ఆపిల్ పళ్ల పెట్టె పలకలు కోసి, చిరిగిన పరుపుగుడ్డతో పట్టీలు కుట్టి, కూతురికి స్వయంగా ఒక జత చేసిపెట్టింది. నీలం మీద తెల్లచుక్కల గుడ్డ అది. ఆఖరి శనివారానికి ముందురోజు సాయంత్రం ఆట సాధకం జరుగుతూండగా మిత్సుయే పావుకోడు పట్టీ తెగింది. ఆ పూట పట్టుపురుగులకు ఆకు వేసే వంతు తోకిది. ఇంట్లోనే ఉంటాను గదా అని, తన జత స్నేహితురాలికి ఇచ్చింది. ఒక్క సాయంత్రానికే ఇచ్చింది.

తిరిగి వస్తూ మిత్సుయే వంతెన మీద ఆగింది. కొండమీద మబ్బు కనిపించింది. రేపు వాన పడితే ఆట ఆగిపోతుంది. ఇలాంటి సందేహం వస్తే ఆ దేశంలో పిల్లలందరూ చేసే పనే ఆమె కూడా చేసింది. కాలు ఒక్క ఊపు ఊపి పావుకోడును గాలిలోకి విసిరింది. నిలువుగా పడితే ఎండ, బోర్లా పడితే వాన. ఆ పావుకోడు మాత్రం వంతెన కమ్మీకి తగిలి, ఏ సంగతీ తేల్చకుండా ఏట్లో పడింది.

తోకి ఇంటి గుమ్మంలో ఆ సాయంత్రం జరిగిన విచారణను ఇద్దరూ ఇప్పటికీ ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పగలరు.

"ఇదుగోనే నీది" అని మిత్సుయే ఒకటి చేతికిచ్చింది.

"రెండోదేదీ?"

"ఏట్లో పడింది."

"ఎందుకు పడిందీ?"

"రేపు వానొస్తుందేమోనని చూశానే."

తోకి కాసేపు ఆలోచించింది. "మరి, ఏం తేలింది?"

"పావుకోడే తేలింది. అలా అలా మలుపు దాకా పోయింది." తోకి ముఖం చూసి మిత్సుయే మాట మార్చింది. "పోన్లేవే, కుడికాలిది భద్రంగా ఉందిగా."

"గెతాకు కుడేమిటి, ఎడమేమిటి? రెండూ ఒక్కలాగే ఉంటాయి. పోయింది ఏ కాలిదో చెప్పలేం. అంటే నువ్వు రెండు కాళ్లదీ సగం సగం పారేశావన్నమాట."

మర్నాడు ఎండ విరగకాసింది. తోకి ఉత్త కాళ్లతో గుమ్మంలో నిలబడి ఆట చూసింది. తెగిన పట్టీ ముడేసుకుని ఆడిన మిత్సుయేకు ఆ ఏటి మేటి ఆటకత్తె చెక్కబిళ్ల వచ్చింది. బిళ్ల తెచ్చి ఇవ్వబోతే తోకి పుచ్చుకోలేదు. "అది నీ కాళ్లు సంపాదించుకున్నది, నాకెందుకు? నాది నాకియ్యి చాలు. అది వచ్చేదాకా ఇంకోటి తొడగను, ఆడను."

పన్నెండేళ్ల పిల్ల అన్న మాట గనుక ఊళ్లో ఎవరూ పట్టించుకోలేదు. కాని తోకి మాట తప్పే మనిషి కాదు.

మిత్సుయే ఊరుకుందని ఎవరూ అనుకోకూడదు. ఇరవయ్యో ఏట మొదటి జీతంతో తేలికపాటి మంచి చెక్క జత కొని తీసుకువెళ్లింది. పెళ్లయిన ఏడు లక్క పూసిన జత పట్టుకెళ్లింది. నలభయ్యో ఏట పట్టణం నుంచి ఇంకొకటి తెప్పించింది. మూడూ తిరిగి వచ్చాయి.

"నువ్వు బాకీ పడింది ఒకటి" అనేది తోకి. "రెండు పుచ్చుకుంటే ఒకటి నేను నీకు బాకీ పడతాను. అదీగాక మా అమ్మ చేతిపని పోయింది. చేతిపనే రావాలి. మా అమ్మ దానికి పైసా ఖర్చుపెట్టలేదు. నువ్వు డబ్బు పోసి కొంటే ఆ పై మొత్తానికి ఎవరు జవాబు చెప్పుకుంటారు?"

పావుకోళ్ల దుకాణం పెద్దాయన దగ్గరికి వెళ్లి ఒక్కటే చేసిపెట్టమని అడిగితే ఆయన చేతిలోని ఉలి కింద పెట్టేశాడు. "ఒంటిది మా వంశంలో ఎవరూ చెయ్యలేదమ్మా. అడిగినవాళ్లు కూడా లేరు" అని, ఒళ్లు బాగాలేదా అని పరామర్శించాడు.

అలా అరవై రెండు ఆగస్టులు గడిచాయి. ప్రతి శనివారమూ తోకి విసనకర్ర పట్టుకుని డోలు మంచె పక్కన నిలబడేది. మిత్సుయే ఎదురుగా వచ్చినప్పుడల్లా "ఎడమకాలు ఆలస్యం" అనేది. అది నిజమే. అందుకే మిత్సుయేకు మరీ బాధగా ఉండేది.

ఈ ఏడు జూలై ఆఖరున మందుల దుకాణం బల్లమీద తోకి వచ్చి మిత్సుయే పక్కన కూర్చుంది. పలకరింపు లేదు.

"సెప్టెంబరు మూడున మోకాలు కోస్తారట. ఆ తరవాత పావుకోళ్ల మాట మరిచిపొమ్మన్నాడు డాక్టరు. కాబట్టి నీ గడువు ఆగస్టు ఆఖరి శనివారం."

"గడువేమిటే?"

"ఆపైన నువ్వు ఇస్తానన్నా పుచ్చుకోవడానికి నాకు కాలుండదు. నువ్వు బాకీతోనే పోతావు. నీ మేలు కోరి చెబుతున్నా."

మిత్సుయే మందులు తీసుకోకుండానే ఇంటికి వచ్చింది. భర్త గింజి ముప్ఫై ఎనిమిదేళ్లు తపాలా ఉద్యోగం చేసి, పదవీ విరమణ తరవాత బల్ల ముందు కూర్చోవడాన్నే ఉద్యోగంగా పెట్టుకున్న మనిషి.

"ఏవండీ, మనం ఒక పావుకోడు చెయ్యాలి."

"జత అనాలే."

"ఒకటి."

గింజి కళ్లజోడు తీశాడు. "ఓహో, ఆవిడదా!" అన్నాడు. కాపురం మొదలైన రోజు నుంచీ ఆ ఒకటి వాళ్ల మధ్య మూడో మనిషిలా ఉంది.

కొలతల కోసం వెళితే తోకి కర్పూరం వాసన వేసే పెట్టెలోంచి మిగిలిన పావుకోడును తీసి వార్తాపత్రిక మీద పెట్టింది. చుట్టూ గీత గీసుకోనిచ్చింది, పళ్ల ఎత్తు కొలుచుకోనిచ్చింది. "ఒక్క రోజు ఇంటికి పట్టుకెళ్తానే" అంటే మాత్రం వెంటనే పెట్టె మూత వేసింది.

"ఒకసారి ఇచ్చి చూశాను" అంది.

ఆపిల్ పళ్లు ఇప్పుడు అట్టపెట్టెల్లో వస్తున్నాయి. అంచేత మిత్సుయే, ఎప్పుడో వంద యెన్ల కొట్లో కొని వంటింట్లో పడేసిన కూరలు తరిగే చెక్కపలక ఒకటి తీసింది. దాన్ని గీత ప్రకారం కోస్తే అడుగుపలక వచ్చింది. పళ్లకు మాత్రం దళసరి చెక్క కావాలి. వంటింట్లో నిలబడి ఆలోచిస్తూండగా ఆమె చూపు చేపముద్ద మీద పడింది. ఆ దేశంలో చేపముద్దను అరచేయంత చెక్కబిళ్లకు అతికించి అమ్ముతారు. తిన్నాక మిగిలే ఆ బిళ్లను పారేయడానికి ఏ ఇల్లాలికీ మనసొప్పదు. అలాగని అది దేనికీ పనికిరాదు. రెండేసి బిళ్లలు కలిపి అతికించి నిలబెడితే సరిగ్గా ఒక పన్ను అవుతుంది. పావుకోడుకు రెండు పళ్లు, అంటే నాలుగు బిళ్లలు. చెడిపోయేవాటికి ఇంకో ఎనిమిది.

గింజి పదకొండు రోజులు చేపముద్ద తిన్నాడు. పొద్దున పులుసులో, మధ్యాహ్నం అన్నంలో, రాత్రి వేపుడుగా వచ్చేది.

"ఏమే, ఆవిడ బాకీ నేనెందుకు తింటున్నానే?" అని పన్నెండో రోజున అడిగాడు.

"పెళ్లినాడు కష్టసుఖాల్లో పాలుపంచుకుంటానని అన్నారుగా."

"కష్టసుఖాలన్నాను. చేపముద్దన్నానా?"

మొదటి పావుకోడు కేవలం జిగురుతో నిలిచింది. గింజి దాన్ని తొడుక్కుని వంటింట్లో నడవబోతే మిత్సుయే కెవ్వున అరిచింది. కొత్త చెప్పు ఇంట్లో తొడుక్కుని అలాగే గడప దాటేది శవం ఒక్కటే గదా! పొయ్యి దగ్గర మసి తీసి అడుగున పూశాక, దోషం పోయిందనుకుని నడవమంది. రెండడుగులు బాగానే పడ్డాయి. మూడో అడుగుకు గింజి ముందుకు వెళ్లాడు, పళ్లు వెనక ఉండిపోయాయి. పక్కింటి పిల్లి వచ్చి ఒక పన్నును నోట కరుచుకుని వెళ్లిపోయింది. ఎంత కడిగినా ఆ చెక్కలకు చేప వాసన వదల్లేదు.

రెండోసారి మరలు బిగించారు. రాయిలా నిలిచింది. పట్టీకి నీలం మీద తెల్లచుక్కల గుడ్డ కోసం ఇల్లంతా వెతికితే అది గింజి మెడపట్టీల్లో, అంటే ఉద్యోగంలో కట్టుకున్న టైల్లో, దొరికింది.

"అది నా పదవీ విరమణ నాటిదే!"

"మళ్లీ విరమిస్తారా ఏమిటి?"

మెడపట్టీ విప్పి, లోపల నూలుతాడు దూర్చి కుట్టి, ముందు ఒక రంధ్రం, వెనక రెండు పొడిచి, అడుగున ముడులు వేశారు. ముందు రంధ్రం సరిగ్గా నడిమధ్య ఉండాలి. గింజి అలవాటు కొద్దీ సముద్రతీరపు రబ్బరు చెప్పులకు లాగా బొటనవేలి వైపు గుర్తు పెట్టబోతే మిత్సుయే చేతిమీద ఒకటి వేసింది. "కుడీ ఎడమా పుట్టించారంటే ఆవిడ ఇంకో అరవై ఏళ్లు వాదిస్తుంది!"

మిత్సుయే పట్టుకెళ్లి ఇస్తే తోకి దాన్ని కాలికి తొడగలేదు. గుమ్మం రాతిమీద ఒక్కసారి కొట్టి విన్నది.

"ఇది నడకా, అంట్లు తోమడమా?"

"గట్టిగా ఉందే తోకీ!"

"గట్టితనం ఎవరడిగారు? నా జత కరన్, కొరన్ అనేది." పాతదాన్ని రాతికి తాకించింది. 'కరన్' అంది. "కరన్ నా దగ్గరుంది. నువ్వు ఏట్లో వేసింది కొరన్. అది తెచ్చియ్యి."

దారి పొడుగునా మిత్సుయే ఆమెను తిట్టుకుంటూ వచ్చింది. ఇంటికి వచ్చి మరలు విప్పేస్తూ, ఆ ముసల్దాని చెవికి శబ్దం ఎంత గుర్తుందో చూశారా అని భర్తతో అంది. ఆ మాట అన్నాక కాసేపు మరమేకు తిప్పడం మానేసి కూర్చుంది. అరవై రెండేళ్లుగా ఒకే కాలి చప్పుడు వింటూ, రెండోది ఎలా ఉండేదో మరిచిపోకుండా ఉండటానికి మనిషి ఎంత కష్టపడాలి?

మరలు వద్దన్నప్పుడు మిగిలింది చెక్కమేకులే. హోటళ్లలో అన్నం తినడానికి ఇచ్చే, ఒక్కసారి వాడి పారేసే చెక్కపుల్లలు సొరుగు నిండా ఉన్నాయి. అడుగుపలకకు ఉలితో రెండు గాడులు తీసి, పళ్లు అందులో దిగేసి, పైనుంచి పుల్లలు జిగురుతో కొట్టి, తలలు కోసేశారు. ఆరాక మిత్సుయే వీధి రాతిమీద తాకించింది.

'కొరన్' అంది.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గింజి పరుగెత్తి చేపముద్ద తెచ్చుకుని, ఎవరూ పెట్టకుండానే, తిన్నాడు.

తోకి కళ్లు మూసుకుని విన్నది. మూడుసార్లు తాకించమంది. ఆ తరవాత రెంటినీ బల్లమీద పక్కపక్కన పెట్టి, కళ్లు బల్ల ఎత్తుకు దించి చూసింది.

"మూడు మిల్లీమీటర్లు ఎక్కువుంది."

"కొత్తది గదే!"

"నేను నీకిచ్చింది కొత్తదా? నెల్లాళ్లు ఆడి అరిగినది. ఎక్కువ పుచ్చుకోవడం కూడా అన్యాయమే."

"సరే, గరుకు కాగితంతో రుద్దేస్తాను."

"నేను రుద్దలేదు, నడిచాను."

గడువు తొమ్మిది రోజులుంది. మిత్సుయే ఒక కాలికి ఆ పావుకోడు, రెండో కాలికి రబ్బరు బూటు తొడుక్కుని ఊరిమీద పడింది. బజారుకు, స్నానాల ఇంటికి, సమాధుల దగ్గరికి, ఎక్కడికి వెళ్లినా కొరన్ తరవాత ఒక మెత్తని చప్పుడు వినిపించేది. వెనక పిల్లి నడిచేది. తుంటి నొప్పి పుట్టినప్పుడు గింజి వంతు వచ్చేది. అతని మడమ పలక దాటి బయటికి వచ్చేది గాని బరువు బాగా పడేది.

ఊరు ఊరికే ఉంటుందా? మొదటి రోజు మొక్కు అన్నారు. మూడో రోజు జబ్బు అన్నారు. ఐదో రోజుకు భార్యాభర్తలు విడిపోతున్నారనీ, ఆస్తి పంపకం ప్రస్తుతం పావుకోళ్ల దాకా వచ్చిందనీ తేల్చారు. టోఫు అమ్మే ఆవిడైతే మిత్సుయే చెయ్యి పట్టుకుని, "ఇల్లు మాత్రం వదలకండి అక్కా, చెప్పుదేముంది" అని బతిమాలింది.

మిత్సుయే ప్రతి సాయంత్రమూ కొలబద్ద పెట్టి చూసేది. శుక్రవారానికి రెండున్నర అరిగింది. శనివారం భార్యాభర్తలిద్దరూ వంతెన దగ్గరి రాతిమెట్ల మీద వంతులవారీగా ఎక్కారు, దిగారు. చివరి అరమిల్లీమీటరు అరిగేసరికి సూర్యుడు కొండచాటుకు పోతున్నాడు. డోలు మొదలైంది.

తోకి గుమ్మంలోనే కూర్చుని ఉంది. గంజిపెట్టి మడత నలగకుండా కట్టిన నూలు దుస్తు, బిగించిన నడికట్టు. పక్కన పాత పావుకోడు తయారుగా ఉంది. మిత్సుయే రొప్పుతూ వచ్చి కొత్తదాన్ని దాని పక్కన పెట్టింది. తోకి వంగి కళ్లతో కొలిచింది. తేడా లేదు. చాలాసేపు చూసింది. తరవాత నిటారుగా కూర్చుని బయటికి చూసింది.

"పొద్దు గూకింది."

"అయితే?"

"కొత్త చెప్పు పొద్దు గూకాక తొడగకూడదు. మీ అమ్మ నీకు చెప్పలేదా? రేపు పొద్దున చూద్దాం."

"రేపు ఆట లేదే! ఇవాళే ఆఖరు!"

"నియమం నేను పెట్టలేదు."

మిత్సుయేకు కోపం రావలసిందే, కాని ఆమె చూపు తోకి చేతుల మీద పడింది. ఒళ్లో విసనకర్రను రెండు చేతులతోనూ పట్టుకుంది. ఆ పట్టుకు దాని పిడి వంగిపోతోంది. అరవై రెండేళ్లు ఒడ్డున నిలబడి ఊరందరి కాళ్లకూ తప్పులు పట్టిన మనిషి. ఇప్పుడు అందరూ చూస్తూండగా నీళ్లలో దిగాలి.

"తోకీ, నీకు భయంగా ఉందా?"

"నాకు భయమేమిటి? నియమం చెప్పాను."

"అయితే నియమమే మాట్లాడుకుందాం." మిత్సుయే గడపమీద చతికిలబడింది. ఎదటి మనిషి తర్కాన్ని ఇన్నేళ్లు విన్న చెవులకు కొంతైనా అబ్బకుండా ఉండదు. "ఇది కొత్తదని ఎవరన్నారు? తొమ్మిది రోజులు నడిచింది. సమాధులకు వెళ్లింది, స్నానాలకు వెళ్లింది. మూడు మిల్లీమీటర్లు అరిగింది. అరగదీయమన్నది నువ్వే. నేను పుచ్చుకున్నది పాతది, ఇస్తున్నది పాతది. పాత చెప్పు పొద్దు గూకాక తొడగకూడదని మీ అమ్మ చెప్పిందా?"

వీధిలో డోలు రెండో పాట అందుకుంది. తోకి తన తక్కెడలో తానే కూర్చున్నట్టయింది. ఎటు కదిలినా ముల్లు న్యాయం వైపే తిరుగుతోంది. ఆమె ఆ తీర్పును తోసిపుచ్చగలిగే మనిషే అయితే అరవై రెండేళ్ల కిందటే ఏదో ఒక జత పుచ్చుకుని ఉండేది.

"చెప్పలేదు" అంది చివరికి.

పాతదీ కొత్తదీ తొడుక్కుంది. ఏది ఏ కాలికో ఇద్దరూ చూడలేదు, చూడనక్కర్లేదు. మిత్సుయే చెయ్యి అందించబోతే తోసేసి, తానే లేచి వీధిలోకి అడుగు వేసింది.

కరన్. కొరన్.

నాలుగడుగులు వేసి ఆగింది. వెనక్కి తిరగలేదు. విసనకర్రను ముఖానికి అడ్డం పెట్టుకుని కాసేపు అలాగే నిలబడింది. చేతులు తుడుచుకుంటూ అప్పుడే వచ్చిన గింజి ఏమైందని అడగబోతే మిత్సుయే అతని మోచెయ్యి గిల్లింది.

తోకి వరసలోకి వస్తూంటే ఊరు దారి ఇచ్చింది. మొదటి చుట్టులో తోకి ఎడమకాలు ఆలస్యమైంది. అందరికీ తెలిసింది, ఒక్కరికీ చెప్పే ధైర్యం లేదు. మంచెమీద డోలు వాయించే పెద్దాయన సైతం ఆకాశం వైపు చూశాడు.

"ఎడమకాలు ఆలస్యం" అంది మిత్సుయే పక్కనుంచి.

"తెలుసు."

"తెలిస్తే దిద్దుకోవచ్చుగా?"

"అరవై ఏళ్లు చెబితే నువ్వు దిద్దుకున్నావా?"

రెండో చుట్టులో దిద్దుకుంది. మూడో చుట్టుకు ఆమె పాదాలు డోలును తమ వెంట నడిపించుకుపోతున్నాయి. చేప వాసన పట్టుకుని పక్కింటి పిల్లి వరసలో ఆమె వెనకే, ఏ అడుగూ తప్పకుండా, నడిచింది. టోఫు ఆవిడ గింజి దగ్గరికి వచ్చి, ఆస్తి పంపకంలో పావుకోడు తోకిగారికి ఎలా పోయిందో అడిగి తెలుసుకోవాలని చూసింది గాని అతను చేపముద్ద కథ మొదటినుంచీ ఎత్తుకోవడంతో తప్పుకుంది.

తోకి మోకాలు ఇక చాలంది. స్నేహితురాళ్లిద్దరూ ఆటలోంచి బయటపడి వంతెన దాకా నడిచారు. కమ్మీ ఇప్పుడు ఇనుపది. కింద ఏరు అదే.

"ఇంక చెల్లినట్టేగా?" అంది మిత్సుయే.

"చెప్పు చెల్లింది. ఇంకొకటుంది." తోకి కమ్మీ పట్టుకుని, మెడపట్టీ పావుకోడును కాలినుంచి విడిచి ఆమె వైపు జరిపింది. "వాన వస్తుందా రాదా అని నా జోడును అడిగావు. జవాబు రాకుండానే ఏట్లో వేశావు."

"మర్నాడు ఎండ కాసింది గదే!"

"అది సూర్యుడు చెప్పాడు. నా జోడు చెప్పలేదు. మొదలుపెట్టింది నువ్వు, పూర్తి చెయ్యి."

మిత్సుయే పావుకోడులో పాదం దూర్చి, ఏటికి వీపు తిప్పి, వంతెన మధ్యనుంచి పది అడుగులు ఊరివైపు నడిచింది. చాలదనిపించి ఇంకో పది నడిచింది. అక్కడ కొండగోడకు ఎదురుగా నిలబడి, పసిపిల్లకు ముద్ద పెట్టినంత జాగ్రత్తగా కాలు ఊపింది. పావుకోడు గాలిలో ఒక పల్టీ కొట్టి, రాతిమీద పడి, దొర్లి, పళ్లమీద నిలబడింది.

తోకి ఒంటికాలితో కుంటుకుంటూ వచ్చి, వంగి, నాలుగు వైపులనుంచీ పరీక్షించింది. ఏ వైపూ వాలలేదు.

"ఎండ" అంది. పాదం అందులోకి దూర్చి పట్టీ సవరించుకుంది. "చెల్లింది."